కంగారూ మాంసం రుచి, వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్‌లలో కోల్స్‌కో ఊల్‌వర్త్స్‌కో వెళ్లే తెలుగువాళ్లకి మాంసం అరల్లో ముదురెరుపు రంగు కంగారూ ప్యాకెట్లు కొత్త కాదు. తెచ్చి మటన్‌లాగే కుక్కర్‌లో పెట్టి, ముక్క సాగుతోందని పక్కన తోసేసినవాళ్లూ బోలెడుమంది. ఏ భాగాన్ని ఎంతసేపు వండాలి, ఎక్కడ తేడా వస్తుంది అన్నదే ఈ పేజీలో ఎక్కువగా ఉంటుంది. మిగతా సందేహాలకు చివర్లో క్లుప్తంగా జవాబులిచ్చాం.

రుచి దేనికి దగ్గరగా ఉంటుంది?

పుస్తకాల్లో జింక మాంసంతో పోలుస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర అది తిన్నవాళ్లెవరు? ఆ పోలిక మనకి పనికిరాదు. మనకి తెలిసినవాటితో చెప్పాలంటే, మేక కార్జంలో నాలుకకి తగిలే ఇనుప రుచి ఇందులోనూ సన్నగా ఉంటుంది. వెనకాల కొంచెం తీపి ఉంటుంది. మాంసపు రుచి మాత్రం మటన్‌ కంటే చిక్కగా తెలుస్తుంది.

మటన్‌కి ఉండే ప్రత్యేకమైన వాసన చాలామటుకు దాని కొవ్వులో ఉంటుంది. కంగారూలో కొవ్వు 2 శాతం లోపే కాబట్టి ఆ వాసన రాదు. గొర్రె మాంసం వాసన పడనివాళ్లు దీన్ని ఇష్టంగా తినడం మామూలే. అయితే ఎక్కువగా ఉడికితే ఆ కార్జపు రుచి పైకి తేలి, మిగతా రుచుల్ని మింగేస్తుంది. "అడవి వాసన కొడుతోంది" అనే ఫిర్యాదుల్లో సగం నిజానికి వంట ముదిరినవాటివే.

ఇంత ముదురు రంగు ఎందుకు? పాతదా?

కాదు. కండరాల్లో ప్రాణవాయువును నిల్వచేసే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఇందులో ఎక్కువ. ఆ ప్రోటీన్‌లోని ఇనుమే రంగునీ, పైన చెప్పిన రుచినీ ఇస్తుంది. గాలి తీసేసిన ప్యాక్‌లో మాంసం ఊదా రంగుకి తిరుగుతుంది. ప్యాకెట్ కత్తిరించి పళ్లెంలో పరిచి 15–20 నిమిషాలు ఉంచితే గాలి తగిలి మళ్లీ ఎర్రబడుతుంది.

కుక్కర్‌లో ఎంతసేపు పెట్టినా మెత్తబడదేం?

మటన్ ముక్కల మధ్య కొవ్వు, కండని కండతో కలిపే జిగురు పొరలు ఉంటాయి. గంటసేపు ఉడికితే ఆ పొరలు కరిగి జిగురుగా మారతాయి, కొవ్వు కూడా కరిగి ముక్కకి జారుడుతనం ఇస్తుంది. ఎంత ఉడికితే అంత మెత్తన అన్న మన వంటింటి లెక్క అక్కడి నుంచే వచ్చింది.

కంగారూ తొడ, నడుము భాగాల్లో ఈ రెండూ చాలా తక్కువ. అక్కడ ఉన్నదంతా కండే. లోపలి వేడి 60 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి కండ పీచులు ముడుచుకుని నీటిని బయటికి పిండేస్తాయి. 65 దాటేసరికి ముక్క బిగుసుకుంటుంది. ఆ పోయిన నీటి లోటును పూడ్చడానికి కొవ్వు లేదు. ఇంకో నాలుగు విజిల్స్ వేయిస్తే ముక్క పీచులు పీచులుగా విడిపోతుంది, కానీ ఆ పీచు ఒక్కోటీ పొడిగానే ఉంటుంది. పంటికి తెగుతుంది, నోట్లో మాత్రం తడి ఉండదు.

అందుకని దారులు రెండే. నడుము, తొడ ముక్కలైతే పెద్ద మంట మీద చిటికెలో దింపెయ్యాలి. తోక అయితే గంటలకొద్దీ మగ్గాలి. ఈ రెంటికీ మధ్యలో అరగంట ఉడికించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మనవాళ్లు తరచుగా చేసేది సరిగ్గా అదే.

ఏ ప్యాకెట్ దేనికి కొనాలి?

నడుము ఫిల్లెట్ అన్నిటికంటే మెత్తన. పెనం మీద కాల్చడానికీ, వేపుడుకీ అదే మేలు. రంప్, స్టీక్ అని రాసినవి తొడ పైభాగం నుంచి వస్తాయి. వాటి ధర తక్కువ, మెత్తదనం కొంచెం తక్కువ, వేపుడుకి బాగానే సరిపోతాయి. ఖీమా అన్నిటికంటే సులువు, మొదటిసారి వండేవాళ్లు దానితోనే మొదలుపెట్టడం మంచిది. తోక అన్ని సూపర్‌మార్కెట్లలోనూ ఉండదు. వేట మాంసం అమ్మే కొట్లలో ఫ్రీజర్‌లో దొరుకుతుంది.

కూర ముక్కలని కోసి అమ్మే డైస్డ్ ప్యాకెట్ చూసి మోసపోకండి. "కూరకే కదా" అని మన చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. అది కొవ్వులేని తొడ మాంసం, మన పద్ధతిలో వండితే తప్పకుండా బిగుసుకుంటుంది.

పెనం మీద కాల్చే పద్ధతి వరసగా చెప్తారా?

250 గ్రాముల ఫిల్లెట్, సుమారు 3 సెంటీమీటర్ల మందం అనుకుందాం.

వండడానికి 20–30 నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి. మాంసం మీద మెరిసే తెల్లటి పొర కనిపిస్తే, సన్నని కత్తి మొనని దాని కిందకి దూర్చి, అంచుని పైకి కొద్దిగా ఎత్తిపట్టి, పొర వెంటే లాగుతూ కోసెయ్యండి. ఆ పొర వేడికి ముడుచుకుని ముక్కని విల్లులా వంచేస్తుంది, నమిలినా నలగదు. తర్వాత కాగితపు తువ్వాలుతో తడి బాగా అద్దండి. తడి ఉంటే ముక్క వేగదు, ఆవిరికి ఉడుకుతుంది.

నూనె పెనంలో పోయకుండా ముక్కకే రాయండి, 2 టీస్పూన్లు చాలు. కొవ్వు లేని మాంసం కాబట్టి నూనె పట్టించకపోతే పెనానికి అతుక్కుంటుంది. పైగా బాగా కాలిన పెనంలో నూనె పోస్తే ఇల్లంతా పొగ. అర టీస్పూన్ ఉప్పు, దంచిన మిరియాలు కాల్చబోయే ముందే చల్లండి. ఉప్పు రాసి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే నీరు పైకి ఊరి, అద్దిన తడి మళ్లీ మొదటికొస్తుంది.

ఇనప పెనం బాగా కాలాక ముక్క వేయండి. ఒకవైపు రెండున్నర నుంచి 3 నిమిషాలు, రెండోవైపు 2 నిమిషాలు. అటూ ఇటూ కదపొద్దు, గరిటెతో నొక్కొద్దు. ఆఖరి అరనిమిషంలో ఒక టేబుల్‌స్పూన్ వెన్న, చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి, కరిగిన వెన్నని ముక్క మీద పోస్తూ ఉండండి.

లోపలి వేడి 52–53 డిగ్రీలు ఉండగా దింపెయ్యండి. పళ్లెంలో పెట్టి, పైన ఫాయిల్ వదులుగా కప్పి 5–6 నిమిషాలు ముట్టుకోకండి. ఆ వ్యవధిలో వేడి ఇంకో మూడు నాలుగు డిగ్రీలు పెరిగి 56 దగ్గర ఆగుతుంది. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది. కోసేటప్పుడు పీచు ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా, అర సెంటీమీటరు ముక్కలుగా కోయండి. పీచు వెంట కోస్తే ఎంత బాగా కాల్చినా నమలాల్సిందే.

థర్మామీటర్ లేకపోతే?

కొనండి. పెద్ద ఖరీదేమీ కాదు, ఈ మాంసానికి రెండు డిగ్రీల తేడా కూడా తెలుస్తుంది. ఈలోగా వేలితో నొక్కి చూడొచ్చు: నొక్కితే దిగి మెల్లగా పైకి లేస్తే సరిపోయింది, గట్టిగా ఎదురు తిరిగితే దాటిపోయింది.

లోపల ఎర్రగా ఉంటుంది, రక్తం కాదా?

పళ్లెంలోకి కారే ఎర్రటి రసం నీరు, మయోగ్లోబిన్. అయినా ఎరుపు చూస్తే ముద్ద దిగదనుకుంటే బలవంతంగా తినక్కర్లేదు. కింద చెప్పిన పల్చటి ముక్కల వేపుడో, ఖీమానో, తోకో వండుకోండి. వాటిలో ఎరుపు మిగలదు, రుచీ పోదు.

మన వేపుడు కుదురుతుందా?

బాగా కుదురుతుంది, మాంసాన్నీ మసాలానీ విడివిడిగా వండితే.

400 గ్రాముల రంప్‌ని 30–40 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. సగం గట్టిపడ్డాక పీచుకి అడ్డంగా 3–4 మిల్లీమీటర్ల మందాన కోయడం తేలిక. ఆ ముక్కలకి ఒక టీస్పూన్ అల్లంవెల్లుల్లి ముద్ద, అర టీస్పూన్ కారం, పావు టీస్పూన్ పసుపు, ముప్పావు టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, ఒక టేబుల్‌స్పూన్ నూనె పట్టించి 20 నిమిషాలు ఉంచండి. పిండి ముక్క చుట్టూ పల్చటి పూతలా అంటుకుని లోపలి నీటిని ఆపుతుంది. చైనా వంటల్లో వాడే కిటుకే ఇది.

మూకుడు పొగలు వచ్చేదాకా కాల్చి, 200 గ్రాముల చొప్పున రెండు వాయిల్లో, ఒక్కో వాయి నిమిషం నుంచి నిమిషంన్నర వేయించి తీసేయండి. అంతా ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, నీళ్లూరి, మాంసం ఆ నీళ్లలో ఉడికి బూడిద రంగుకి తిరుగుతుంది. వేపుడు చెడిందంటే తొంభై పాళ్లు ఇక్కడే.

అదే మూకుడులో రెండు టేబుల్‌స్పూన్ల నూనె, రెండు ఉల్లిపాయల నిలువు చీలికలు, మూడు పచ్చిమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు ఎర్రగా వేయించండి. ఒక టీస్పూన్ ధనియాల పొడి, ఒకటిన్నర టీస్పూన్ మిరియాల పొడి, పావు టీస్పూన్ గరం మసాలా వేసి పచ్చివాసన పోయాక, ముక్కలు తిరిగి వేసి 30 సెకన్లు కలిపి దింపేయండి. "ఇంకాసేపు మగ్గనిద్దాం" అనిపిస్తుంది. మగ్గనివ్వకండి.

ఇగురు, పులుసు, గోంగూర మాంసం?

సూత్రం అదే. ఇగురు మసాలా, ఉల్లి, టమాటా, గసగసాల ముద్ద అన్నీ వేసి నూనె తేలేదాకా పూర్తిగా వండేయండి. ముక్కల్ని వేరుగా పెద్ద మంట మీద వేయించి, వడ్డించే ముందు ఇగురులో కలిపి 2 నిమిషాలు వేడి చేయండి. మాంసం రసం మసాలాకి పట్టదు కదా అంటే నిజమే, కొంత లోటు ఉంటుంది. వేయించిన మూకుడు అడుగున అంటిన మడ్డిని పావు కప్పు వేడినీళ్లతో గీకి ఇగురులో పోస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

గోంగూర ఈ మాంసానికి బాగా నప్పే జోడీ. పులుపు ఆ ఇనుప రుచిని అణుస్తుంది. ఆకుని విడిగా మగ్గబెట్టి ముద్ద చేసి, తాలింపులో కలిపి, చివర్లో ముక్కలు వేయండి. పచ్చి ముక్కల్ని గోంగూరతో కలిపి ఉడికించారంటే ఆ పులుపులోనే బిగుసుకుపోతాయి. ఊరిన గోంగూర పచ్చడి వాడితే ఉప్పు చూసుకోండి, సీసా పచ్చళ్లలో ఉప్పు ముందే దండిగా ఉంటుంది.

నీళ్లగా ఉండే పులుసుకి తోక వాడండి. ఫిల్లెట్‌తో పులుసు పెట్టడం దండగ.

ఖీమా పొడిపొడిగా ఇసుకలా వస్తోంది. ఎందుకు?

కొవ్వు లేక. 500 గ్రాముల ఖీమాకి కనీసం 3 టేబుల్‌స్పూన్ల నూనెగానీ నెయ్యిగానీ ఉండాలి. మటన్ ఖీమాకి వేసే ఒక చెంచా ఇక్కడ చాలదు. "లీన్ మాంసం కదా, నూనె తగ్గిద్దాం" అనుకుంటే ఫలితం ఇసుకే.

ఇంకో కారణం, ముద్దగా ఉన్న ఖీమాని అలాగే గిన్నెలో పడెయ్యడం. పైన కాలి, లోపల పచ్చిగా గడ్డలు కడుతుంది. ముందే 2 టేబుల్‌స్పూన్ల పెరుగు, అర టీస్పూన్ ఉప్పు వేసి వేళ్లతో విడదీసి పది నిమిషాలు ఉంచండి. ఉల్లి, అల్లంవెల్లుల్లి, మసాలా వేగాక ఖీమా వేసి పెద్ద మంట మీద 4 నిమిషాలు గరిటె అంచుతో చిదుముతూ వేయించండి. రంగు మారాక ఒక పెద్ద టమాటా తరుగు, అర కప్పు పచ్చిబఠానీలు వేసి మూతపెట్టి సన్నమంట మీద 10–12 నిమిషాలు. కుక్కర్ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. దింపాక ఒక చెంచా నెయ్యి, మెంతికూర లేదా సోయికూర కలపండి.

కబాబ్, కోఫ్తా చేస్తే విడిపోవడం మామూలు సమస్య. 500 గ్రాములకి ఒక గుడ్డు, 3 టేబుల్‌స్పూన్ల బ్రెడ్ పొడి, తురిమి గట్టిగా పిండిన ఉల్లిపాయ ఒకటి, ఒక టేబుల్‌స్పూన్ గడ్డకట్టిన నెయ్యి కలిపి జిగురు వచ్చేదాకా పిసికి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చుట్టండి. ఉల్లిపాయని పిండకపోతే ఆ నీటికి కబాబ్ చువ్వ మీద నుంచి జారిపోతుంది.

బిర్యానీ?

హైదరాబాదీ కచ్చి పద్ధతి వద్దు. పచ్చి మాంసం దమ్‌లో 40 నిమిషాలు ఉంటే ఏమవుతుందో పైనే చెప్పాం. ఖీమా బిర్యానీ అయితే నిశ్చింత. ముక్కలే కావాలంటే వేపుడు పద్ధతిలో నిమిషం వేయించి, పూర్తిగా ఉడికిన అన్నం మీద ఆఖరి పొరగా వేసి, 5 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. పేరుకి బిర్యానీ, పనికి పలావు. రుచికి మాత్రం వంక పెట్టలేరు.

పెరుగులో, నిమ్మరసంలో, బొప్పాయిలో నానబెట్టొచ్చా?

పెరుగులో 2 నుంచి 4 గంటలు బాగుంటుంది. నిమ్మరసం, వెనిగర్ అరగంట దాటితే పైపొర తెల్లబారి సుద్దలా అవుతుంది. పచ్చిబొప్పాయి ముద్ద 500 గ్రాములకి ఒక టీస్పూన్, 20 నిమిషాలు, అంతే. రాత్రంతా ఉంచితే పైన పిండిలా, లోపల మామూలుగా ఉంటుంది. ఫిల్లెట్‌కి బొప్పాయి అసలు అక్కర్లేదు.

తోక ఎలా వండాలి?

ఈ జంతువులో మన వంటకి అచ్చంగా సరిపోయే భాగం తోకే. నడిచేటప్పుడూ కూర్చునేటప్పుడూ బరువు మోసేది అదే కాబట్టి నిండా నరాలు, జిగురు ఉంటాయి, కాస్తో కూస్తో కొవ్వూ ఉంటుంది. పాయా ఇష్టపడేవాళ్లకి ఇది నచ్చకపోదు.

చర్మం తీసిన తోక కిలో తీసుకుని, కీళ్ల దగ్గర 4–5 సెంటీమీటర్ల ముక్కలు కొట్టించండి. ఎముక మీద కొడితే పెళుసులు రాలి పులుసులో పంటికి తగులుతాయి, కీలు చూసి కొట్టమని చెప్పాలి. ముక్కలు చన్నీళ్లలో వేసి మరిగించి, 5 నిమిషాలయ్యాక ఆ నీళ్లు నురగతో సహా పారబోసి కడగండి.

కుక్కర్‌లో 2 టేబుల్‌స్పూన్ల నూనె, రెండు ఉల్లిపాయలు, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, 2 టీస్పూన్ల ధనియాల పొడి, 2 టీస్పూన్ల మిరియాల పొడి, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేయించి, ముక్కలు, ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, లీటరుంపావు నీళ్లు పోయండి. మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 50 నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగనివ్వండి. మూత తీశాక మాంసం ఎముక నుంచి వదులుగా ఊడాలి, రసం వేళ్లకి అంటాలి. అంటకపోతే ఇంకో 15 నిమిషాలు పెట్టండి. ఇక్కడ ఎక్కువసేపు ఉడికినా నష్టమేం లేదు. కుక్కర్ లేకుండా దళసరి గిన్నెలో అయితే మూడున్నర నుంచి 4 గంటలు. మర్నాటికి ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకడితే వంట సరిగ్గా కుదిరినట్టు. దోశలోకీ, వేడన్నంలోకీ బాగుంటుంది.

మధ్య ఆస్ట్రేలియాలో ఆదిమవాసులు ఇదే తోకని నీళ్లు లేకుండా వండుతారు. వెంట్రుకలతో ఉన్న తోకని మంటలో తిప్పుతూ కాల్చి, నల్లబడిన వెంట్రుకల్ని కత్తితో గీకి, ఇప్పుడైతే ఫాయిల్‌లో చుట్టి, నిప్పులూ వేడి బూడిదా నిండిన గుంటలో పూడ్చి గంటకు పైగా వదిలేస్తారు. చర్మం లోపలి జిగురుని పట్టి ఉంచే మూతలా పనిచేస్తుంది. జంతువు మొత్తాన్ని వండినప్పుడు ఏ వరసలో కోయాలి, ఏ భాగం ఏ బంధువుకి వెళ్లాలి అన్నదానికి కట్టుబాట్లున్నాయి. ఆ తోక నరాలతోనే ఈటెలకు కట్లు కట్టేవారు.

తర్వాత వలస వచ్చిన బ్రిటిష్‌వాళ్లు కూడా ముందు మరిగింది తోక సూప్‌కే. పంది మాంసంతో కలిపి జాడీలో గంటలకొద్దీ ఆవిరి మీద మగ్గించే "స్టీమర్" అనే వంటకమూ వాళ్లదే. కొవ్వు లేని మాంసానికి బయటి కొవ్వు కలపాలని వాళ్లకీ అర్థమైందన్నమాట.

మసాలాల్లో ఏవి నప్పుతాయి?

మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు, గోంగూర, చింతపండు, నల్ల ఏలకి. కొబ్బరి పాలు పెద్దగా నప్పవు. ఏలకులు, జాజికాయలాంటి తీపి వాసనల మసాలా ఎక్కువైతే కార్జపు రుచితో కలిసి వెగటు పుడుతుంది, సగానికి తగ్గించండి. ఆస్ట్రేలియాలో దొరికే వాటిలో టాస్మేనియా కొండ మిరియాలు చాలా బాగుంటాయి. మన మిరియాల కంటే ఘాటు, చివర్లో నాలుక తిమ్మిరెక్కుతుంది, కాబట్టి మూడోవంతు వేస్తే చాలు. క్వాండాంగ్ అనే ఎర్రటి పుల్లని పండు పచ్చడి, బీట్‌రూట్, ప్లమ్ సాస్ అక్కడివాళ్ల ఇష్టాలు.

సాసేజ్‌లు?

"కంగా బంగా" పేరుతో దొరుకుతాయి. మధ్యస్తంగా ఉన్న మంట మీద 10–12 నిమిషాలు తిప్పుతూ, లోపల 75 డిగ్రీలు వచ్చేదాకా. పెద్ద మంట పెడితే తొడుగు పగిలి ఉన్న కాస్త రసమూ పోతుంది. గొడ్డుమాంసం, పంది తినని ఇళ్లవాళ్లు లేబుల్ చదవాలి. సాసేజ్ తొడుగు వేరే జంతువుది కావచ్చు.

ప్యాకెట్ విప్పగానే ఘాటైన వాసన. పారెయ్యాలా?

తొందరపడకండి. గాలి తీసిన ప్యాక్‌లో చాలా రోజులు ఉన్న ఏ మాంసానికైనా మూసిన వాసన ఉంటుంది. కాగితంతో అద్ది 15–20 నిమిషాలు పరచండి. వాసన పోతే మంచిదే. అప్పటికీ పుల్లగా, కుళ్లినట్టు ఉన్నా, వేళ్లకి జిగటగా తగిలినా పారెయ్యండి. పళ్లాన్ని వెలుగులో వంచితే కనిపించే ఇంద్రధనుస్సు మెరుపు మాత్రం చెడినట్టు గుర్తు కాదు. కుళాయి కింద కడగొద్దు, క్రిములు సింక్ అంతా చిందడం తప్ప లాభం లేదు.

పెంపుడు జంతువుల అరలో చవగ్గా ఉంది, అదీ ఇదీ ఒకటేగా?

ఒకటి కాదు. కుక్కలకి, పిల్లులకి అమ్మేది మనుషుల ఆహార ప్రమాణాలకు తయారైంది కాదు. రంగు నిలవడానికి సల్ఫైట్లు కలిపి ఉండొచ్చు. మనుషుల ఆహారంగా అమ్మేదే కొనండి.

ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

విప్పని ప్యాకెట్ దాని మీద వేసిన తేదీ దాకా, 5 డిగ్రీల లోపు. విప్పాక ముక్కలు 2–3 రోజులు, ఖీమా ఒకటి రెండు రోజులు. ఫ్రీజ్ చేసింది ముందురోజు ఫ్రిజ్‌లో దించి కరగనివ్వండి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే అంచులు ఉడికి, ఉన్న కాస్త నీరూ కారిపోతుంది.

గర్భిణులు, చిన్నపిల్లలు తినొచ్చా?

పూర్తిగా ఉడికిందైతే తినొచ్చు. అడవి జంతువు కాబట్టి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే వీలుంది. అది కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఎర్రగా ఉన్న స్టీక్ జోలికి పోకుండా 75 డిగ్రీలు చేరిన ఖీమా, బాగా ఉడికిన తోక తినాలి. పచ్చి మాంసం కోసిన చేతులు, కత్తి, పలక సబ్బుతో కడగడం కూడా అంతే ముఖ్యం.

బలవర్ధకమా?

100 గ్రాముల పచ్చి మాంసంలో ప్రోటీన్ 21–22 గ్రాములు, కొవ్వు 2 గ్రాముల లోపు. ఇనుము, జింక్, బి12 బాగా ఉంటాయి. మనం వేసే నూనె, నెయ్యి లెక్క వేరుగా కట్టుకోవాలి.

వీటిని పెంచుతారా, వేటాడతారా?

వేటాడతారు. గెంతే జంతువుకి ఎత్తైన కంచెలు కట్టాలి, పట్టి తరిమితే బెదురుకే కండరాలు దెబ్బతిని చచ్చిపోతుంది, ఎదగడానికీ ఎక్కువ కాలం పడుతుంది. అందుకే పెంపకం గిట్టదు. లైసెన్సున్న వేటగాళ్లు రాత్రిపూట లైటు వేసి, తలకి గురిపెట్టి కాలుస్తారు. ప్రతి కళేబరానికీ నంబరున్న ట్యాగ్ కట్టి, చల్లటి గదులకి చేర్చి, తనిఖీ అయ్యాక ప్యాకింగ్‌కి పంపుతారు. రాష్ట్రాలు ఏటా కోటా నిర్ణయిస్తాయి. నిజంగా వేటాడేది సాధారణంగా ఆ కోటా కంటే బాగా తక్కువే. ఎర్ర కంగారూ, తూర్పు, పశ్చిమ బూడిద కంగారూలు, వాలరూ ప్రధానంగా వేటాడే జాతులు. సంచిలో పిల్ల ఉన్న ఆడవాటి విషయంలో జంతు సంక్షేమ సంఘాల అభ్యంతరాలు గట్టివే, తినాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు అదీ లెక్కలోకి తీసుకోవాలి.

జాతీయ చిహ్నం మీద ఉన్న జంతువుని ఆస్ట్రేలియావాళ్లే తింటారా?

తింటారు, కానీ రోజూ కాదు. మనుషుల ఆహారంగా అమ్మడానికి సౌత్ ఆస్ట్రేలియా 1980లో అనుమతించింది, మిగతా రాష్ట్రాలు 1993లో. చిహ్నంలో రెండోవైపున్న ఈమూని కూడా తింటారు.

వాలబీ మాంసం ఇదేనా?

దగ్గరి చుట్టం. టాస్మేనియా నుంచి వస్తుంది, పీచు సన్నం, రుచి నెమ్మది. కంగారూ ఘాటుగా అనిపించినవాళ్లు అది ప్రయత్నించొచ్చు. స్టీక్‌ని ఒక్కోవైపు అరనిమిషం తక్కువ కాల్చండి.

హలాల్ దొరుకుతుందా?

కాల్చి చంపింది కాబట్టి హలాల్ ముద్ర మామూలుగా ఉండదు. ఇంటికి వచ్చే అతిథుల్లో ముస్లింలు ఉంటే ముందే చెప్పండి, వాళ్లకి వేరే గిన్నెలో వేరే కూర వండండి.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లే వస్తువు కాదు. మాంసం, మాంసపు ఉత్పత్తుల దిగుమతికి భారత ప్రభుత్వ అనుమతి పత్రం కావాలి. ఎండబెట్టిన జెర్కీకీ అదే నియమం. ఊళ్లో అమ్మానాన్నలకి రుచి చూపించాలనుంటే వాళ్లు ఆస్ట్రేలియా వచ్చినప్పుడు తోక పులుసు పెట్టండి. స్టీక్‌తో మాత్రం మొదలుపెట్టకండి.